ఫోన్ చెయ్యాల్సింది నేనే

నన్ను లోపలికి రావద్దని ఎవరూ అనలేదు, పద్దెనిమిది నిండని పిల్లలకి ఇంటి పెద్ద ఒకరు తోడుండాలి, లోపల కూర్చుంటారో బయట కూర్చుంటారో మీ ఇష్టం అంది నర్సు, నేను జవాబు చెప్పేలోపే నా కాళ్ళు వచ్చి ఈ బెంచీ దగ్గర ఆగిపోయాయి. మా అమ్మాయి ఫాంగ్ మాత్రం బడి బూట్లు విప్పి, ఆసుపత్రివాళ్ళిచ్చిన నీలం చెప్పులు తొడుక్కుని, టీచరు వెనకాల, ఇద్దరు స్నేహితురాళ్ళ మధ్య నడుచుకుంటూ ఆ తలుపులోకి వెళ్ళిపోయింది. తలుపు చప్పుడు లేకుండా మూసుకుంది. మా ఇంట్లో తలుపులన్నీ అరుస్తాయి. పొద్దున దాని జుట్టుకి రిబ్బను కడుతుంటే మెడ వెనక, జుట్టు మొదలయ్యేచోట, నువ్వుగింజంత పుట్టుమచ్చ కనబడింది. అది అక్కడ ఉందని దానికి తెలియదు. మెడ వెనక ఎవరు చూసుకోగలరు? నాకు తెలుసు, నీళ్ళు పోసినదాన్ని కాబట్టి. ఆ పిల్ల ఇప్పుడు గాజు అద్దానికి ముక్కు ఆనించి చచ్చిపోయిన మనిషిని చూస్తోంది, పోస్ట్‌మార్టం చూడటం చదువుకి ఎంతవరకు పనికొస్తుంది అన్న ప్రాజెక్టు కోసం, పదకొండో తరగతి పిల్ల, నిన్నటిదాకా బొద్దింకని చూసి కుర్చీ ఎక్కిన పిల్ల.

వరండా పొడుగునా గరుకు గాజు కిటికీలు. బయట ఎండ కాస్తోందో మబ్బు పట్టిందో తెలియదు, ఆ గాజులోంచి దిగే వెలుతురు పాలు కలిసిన నీళ్ళలా ఉంది, అందులో కూర్చున్నానో తేలుతున్నానో నాకే తెలియటం లేదు, ఏసీ హోరు వినగా వినగా సముద్రమైపోయింది, బాంగ్‌సేన్ ఒడ్డు, ఆటు వచ్చి నీళ్ళు ఎక్కడికో వెళ్ళిపోయిన పొద్దు, బురదలో పీతల కోసం వంగిన మా అమ్మ. అమ్మ సముద్రంలోకి ఎప్పుడూ నిండా బట్టలతోనే దిగేది. ఒడ్డుకొచ్చాక, రొమ్ముల మీదికి ముడేసుకున్న పొడి పాథుంగ్ లుంగీ లోపల్నించే తడి బట్టలు ఒక్కొక్కటీ జారవిడిచేది, పొడి బట్టలు ఒక్కొక్కటీ లోపలికి లాక్కునేది, అంతమంది జనంలో నిలబడి, ఎవరితోనో బేరమాడుతూ, ఒక్క అంగుళం కనబడనివ్వకుండా. నేను పక్కన నిలబడి ఎదురుచూసేదాన్ని, ఇసక అంటిన పాదాలు, తర్వాత వస్త్రం, ఆ పైన తడి మెడ. మధ్యలో మా అమ్మ ఎలా ఉంటుందో నాకు ఈనాటికీ తెలియదు. తుంటి ఎముక విరిగినప్పుడు కూడా అంతే, ఒళ్ళు తుడుస్తానంటే గిన్నె నా చేతిలోంచి లాక్కుని, "జియాప్, తలుపేసి పో, కుంటిదాన్నయ్యాను గానీ చంటిదాన్నవ్వలేదు" అంది. తలుపవతల నిలబడి నీళ్ళ చప్పుడు విన్నాను. ఎక్కడ నొప్పి పుట్టిందో ఆ చప్పుడు ఆగినచోటల్లా తెలిసేది.

ఆ అమ్మ తన ఒంటిని వైద్య కళాశాలకి రాసిచ్చింది. బట్ట తొలగనివ్వని అమ్మ. పోయిన మర్నాడే వాళ్ళ బండి వస్తుందట, మందు ఎక్కించి పడుకోబెడతారట, మొదటి సంవత్సరం పిల్లలు బల్ల చుట్టూ చేరి పొరలు పొరలుగా నేర్చుకుంటారట, ఏడాదో రెండేళ్ళో. ఆ పిల్లలు ఆ శరీరాన్ని శవమనరు, ఆచాన్ యాయ్ అంటారు, పెద్ద గురువు. కత్తి పట్టుకునే ముందు మోకాళ్ళ మీద కూర్చుని దండం పెడతారు, క్షమించమంటారు. అమ్మ ఆ మాటకే పడిపోయింది, నాకు తెలుసు. నాలుగో తరగతిలో బడి మాన్పించారు అమ్మని. కళాశాల గేటు ఎదురుగా బొంగన్నం కాల్చి అమ్ముతూ, కొబ్బరిపాల వాసనా వెదురు కాలిన వాసనా కలిసిన పొగలో నిలబడి, తెల్లకోట్లు లోపలికి వెళ్ళటం బయటికి రావటం ఇన్నేళ్ళూ చూసింది. ఆ పిల్లలు బొంగు చీల్చుకుంటూ "అవ్వా, ఇవ్వాళ మా గురువుగారి గుండె చూశాం" అని చెప్పుకునేవాళ్ళట. "నన్ను జన్మలో ఎవరు గురువుగారంటారే, చచ్చాకైనా అననీ" అంటుంది నవ్వుతూ. నవ్వుతూ అన్నవాటినే అమ్మ ఎప్పుడూ మార్చుకోదు.

కానీ రాసిచ్చినంత మాత్రాన కాదు. మనిషి పోయాక కళాశాలకి ఇంట్లోవాళ్ళు కబురు చెయ్యాలి, చెయ్యకపోతే అంతే, ఎవరూ వచ్చి అడగరు, మామూలుగా గుడికి తీసుకెళ్ళి దహనం చేసుకోవచ్చు. చాలామంది అలాగే చేస్తారని నర్సే చెప్పింది. నేను ఒక్కదాన్నే బిడ్డని. మొన్న నీళ్ళ పండగనాడు అమ్మ కింద కూర్చుని రెండు చేతులూ చాపింది, నేను మల్లెపూలు వేసిన నీళ్ళు ఆ అరచేతుల్లో పోస్తున్నాను, ఏడాదికి ఒకసారి ఆ చేతులు మాత్రం నావి, అప్పుడు అంది, "ఫోన్ చెయ్యాల్సింది నువ్వే. చేస్తావా చెయ్యవా, ఇప్పుడే చెప్పు, నాకు ఇంకో పదిమంది పిల్లలు కాచుక్కూచోలేదు." గిన్నెలో నీళ్ళు అయిపోయాయి. నింపుకొస్తానని లేచాను. తిరిగి వెళ్ళేసరికి ఎవరో వచ్చారు, నవ్వులు, ఒకళ్ళ మీద ఒకళ్ళు నీళ్ళు చల్లుకోవటం, నేను జవాబు చెప్పలేదు, ఇప్పటికీ చెప్పలేదు, ఆదివారం ఆదివారం వెళ్తాను, బొంగులు తిప్పుతాను, అమ్మ అడగదు, నా మొహం చూస్తుంది.

ఫాంగ్‌కి అన్నీ వినబడతాయి. ఒక సాయంత్రం అన్నం తింటూ, "అమ్మా, నేను పోస్ట్‌మార్టం చూడటానికి వెళ్తున్నా" అంది, చేప ముళ్ళు తీసుకుంటూ, సినిమాకి వెళ్తున్నా అన్నట్టు. వాళ్ళ నాన్న చెంచా కిందపెట్టేశాడు. "తినేటప్పుడా ఈ మాటలు?" "ఎప్పుడు చెప్పినా తినేటప్పుడే అంటావు నాన్నా, మనింట్లో మిగతా టైమంతా ఎవరి ఫోన్లో వాళ్ళుంటాం." నేను వద్దన్నాను. భయపడతావన్నాను, నిద్రపట్టదన్నాను, పరీక్షలున్నాయన్నాను. అది నన్ను అలాగే చూసి, "భయం నాకా నీకా? అమ్మమ్మని ఏదో చేసేస్తారని నువ్వు అనుకుంటున్నావే, అదేంటో నేను చూసొచ్చి చెప్తా" అంది. పోస్ట్‌మార్టం వేరు, పెద్ద గురువు వేరు అని చెప్పబోయాను. దానికి ఆ తేడా నాకంటే బాగా తెలుసు. అసలు సంగతి అదీ కాదు. చూడటం. తెలియని కళ్ళు. నాకే చూపించనిది ఎవరో పద్దెనిమిదేళ్ళవాళ్ళకి చూపిస్తుందా అన్నది నా గొంతులో ఇరుక్కున్న ముల్లు. అది తీసి కంచం పక్కన పెట్టడం నాకు చేతకాలేదు.

ఎవరో వచ్చి పక్కన కూర్చుంటే బెంచీ కిందికి వంగి మళ్ళీ లేచింది. వయసులో నాకంటే కాస్త చిన్నది, ఎండకి మాడిన బుగ్గలు, ఒళ్ళో పారదర్శకంగా ఉన్న ప్లాస్టిక్ సంచి, అందులో ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, నల్లప్యాంటు, మడతపెట్టిన బనీను, పైన అగరొత్తుల కట్ట. చేతులు జోడించింది, నేనూ జోడించాను. సంచిలో చొక్కా కాలరు ముడత పడుతోందేమోనని మాటిమాటికీ సవరిస్తోంది, పెదాలు కదులుతున్నాయి, మంత్రం అనుకున్నాను, చెవిన పడింది, "ఇప్పుడు పెద్దరోడ్డెక్కుతున్నాం, ఇప్పుడు వంతెన దాటుతున్నాం, నా వెనకే రా..." రిహార్సల్ వేసుకుంటోంది. చనిపోయినవాళ్ళని ఇంటికి తీసుకెళ్ళేటప్పుడు దారి పొడుగునా చెప్పాలి కదా, మలుపు మలుపుకీ, లేకపోతే ఆత్మ ఆసుపత్రిలోనే దిక్కుతోచక ఉండిపోతుంది.

"అక్కా, ఊరు దాటేదాకా వంతెనలు ఎన్నొస్తాయి? రోయెట్ నుంచి బస్సులో తెల్లారి దిగాను, దారంతా నిద్రపోయా, ఒక్కటీ చూసుకోలేదు."

నేను కళ్ళు మూసుకుని కారులో బయల్దేరాను. గేటు, ఎడమ, పాలిటెక్నిక్, పైవంతెన, చెరకురసం బండి, కాలవ మీద పాత వంతెన, అది చూడటానికి రోడ్డులాగే ఉంటుంది, దాన్ని వదిలెయ్యొద్దు అన్నాను. ఆమె తలూపుతూ వేళ్ళ కణుపుల మీద పెట్టుకుంటోంది. ఒక్క క్షణం నేను ఎవరికి దారి చెప్తున్నానో నాకే అయోమయం కలిగింది. కారులో వెనక అమ్మ కూర్చుని ఉంది, కాళ్ళ దగ్గర బొంగుల బుట్ట, "ఎంత నెమ్మదిగా నడుపుతావే" అంటోంది.

ఆమె పేరు ప్రైవాన్. మొగుడు తోంగ్‌బాయ్, సిమెంటు ఇటికల ఫ్యాక్టరీలో పని, గదిలో నలుగురితో పడుకుని నిద్రలోంచి లేవలేదు. నలభై రెండేళ్ళు. జ్వరం లేదు, దెబ్బ లేదు. "డాక్టరమ్మ అడిగింది, బడిపిల్లలు చూస్తారట, సరేనా అని. చూసుకోమన్నాను. ఇంట్లో ఆయన మాట మేకలు కూడా వినేవి కాదక్కా, ఇవ్వాళ పిల్లలంతా నోరు మూసుకుని వింటున్నారు" అంది, నవ్వింది, నవ్వు సగంలో మొహం చొక్కా సంచిలో దాచుకుంది.

ఈవిడ మొగుడే. అద్దానికి అవతల ఉన్నది ఈవిడ మొగుడే, నా కూతురు చూస్తున్నది ఈ చొక్కా తొడుక్కోబోయే మనిషిని. ఇందాకటి నుంచి లోపలున్నది నాకు ఒక బల్ల, ఒక దీపం, అంతే. ఇప్పుడు మేకలున్న మనిషి. నేను ఆవిడకి క్షమాపణ చెప్పాలా, మా అమ్మాయి కూడా లోపల ఉంది అని చెప్పాలా? చెప్పాను. ఆమె నా మోచెయ్యి పట్టుకుంది. ఆ పట్టులో కోపం లేదు, ఆత్రం ఉంది.

"అయితే మీ పాప చేతులు చూసుంటుంది. ఆయన చేతులు. నాకు మొహం దాకానే చూపించారు, దుప్పటి తియ్యనివ్వలేదు. గోళ్ళకి రంగుందో లేదో అడుగుతుందా అక్కా?"

మా ఊళ్ళో నిరుడు ఇద్దరు మగాళ్ళు ఇలాగే నిద్రలో పోయారు, ఇద్దరూ గట్టివాళ్ళే, విధవ దయ్యం ఎత్తుకుపోయింది, ఊరంతా మగాళ్ళకి ఎర్ర గోళ్ళరంగు వేశారు, దయ్యం వచ్చి వేళ్ళు చూసి ఆడమనిషనుకుని వెళ్ళిపోతుంది, అని చెప్పుకుపోయింది ప్రైవాన్, గొంతు తగ్గించి, ఇది పట్నం కదా నవ్వుతారేమోనని. సీసా మరిది చేతికిచ్చి పంపిందట. ఫోన్ చేసినప్పుడల్లా అడిగేదట. "వేసుకున్నానే అనేవాడు. ఆ గొంతు నాకు తెలుసు, అబద్ధం చెప్పేటప్పుడూ అదే, నిజం చెప్పేటప్పుడూ అదే. ఫ్యాక్టరీలో ఎగతాళి చేస్తారని మొదట్లో అన్నాడు. నేను చచ్చినా మాట వినడులే అనుకున్నా. వేసుకున్నాడో లేదో తెలిస్తే చాలు. డాక్టర్ని ఎలా అడగను?"

ఎలా అడుగుతుంది? ఎలా చచ్చిపోయాడో కనిపెట్టటానికి తెల్లకోటు వేసుకున్నవాళ్ళని గోళ్ళరంగు గురించి ఎవరు అడుగుతారు? నేనూ ఆమే ఆ తలుపుకేసి చూస్తూ కూర్చున్నాం. పాలనీళ్ళ వెలుతురు నెమ్మదిగా వరండా అవతలి గోడకి జరిగింది. నాకు అమ్మ గుర్తొచ్చింది, చేతులు మాత్రం, నీళ్ళు పోసినప్పుడు చూసిన చేతులు, కుడి మణికట్టు మీద కాలిన గీతలు ఒకదాని కింద ఒకటి, ఎప్పటివో, ఏ బొంగు ఎప్పుడు తగిలిందో నేను ఏనాడూ అడగలేదు. కళ్ళెదురుగా ఉన్న చేతులు.

తలుపు తెరుచుకుంది. ముందు టీచరు, తర్వాత ఒక స్నేహితురాలు ఏడుస్తూ, ఇంకొకతె ఆమె వీపు నిమురుతూ, చివర ఫాంగ్. దాని మొహం తెల్లగా ఉంది, కానీ దాని మొహంలా లేదు, ఎక్కడో దూరం నుంచి నడిచి వస్తున్నట్టు ఉంది. నేను లేచాను, దాన్ని దగ్గరికి లాక్కోవాలనుకున్నాను, అది నా చెయ్యి తప్పించుకోలేదు గానీ నా భుజం మీదుగా సంచినీ, సంచి పట్టుకున్న ఆడమనిషినీ చూసింది. అంతే, తనకి తెలిసిపోయింది. ఆ చల్లటి నేల మీద మోకాళ్ళు ఆనించి, చేతులు నుదుటి దాకా ఎత్తి దండం పెట్టింది.

"పిన్నీ, ఇవ్వాళ ఆయనే మాకు గురువుగారు, నమస్కారం చెప్పే లోపలికెళ్ళాం. వచ్చేటప్పుడు కూడా చెప్పొచ్చాం."

"లే తల్లీ, లే, అంత మర్యాద ఆయనకి అరగదు" అంది ప్రైవాన్. తర్వాత అడగలేకపోయింది. నేనే అడిగాను, నా గొంతు నాకే కొత్తగా వినబడింది, ఫాంగ్, ఆయన గోళ్ళకి రంగుందా?

"ఉంది" అంది వెంటనే. "ఎర్రగా. పదింటికీ ఉంది. కాళ్ళకి లేదు. మా వాళ్ళు కొంచెం నవ్వారు పిన్నీ, సారీ, నేను నవ్వలేదు. వాళ్ళ చిన్నపాప ఆడుకుంటూ వేసిందేమో అనుకున్నా. తర్వాత డాక్టరుగారు చేతులు ఎత్తి చూపించినప్పుడు చూశా, పాప కాదు. ఎడమచేతి గోళ్ళు నీట్‌గా ఉన్నాయి, అంచు దాటకుండా. కుడిచేతివే మొత్తం చెదిరిపోయి, చర్మం మీదికి కూడా వచ్చేసింది. అంటే కుడిచేత్తో ఎడమచేతికి బాగా వేసుకున్నారు, ఎడమచేత్తో కుడిచేతికి వెయ్యటం రాలేదు. ఆయనే వేసుకున్నారు. ఎవరూ సాయం చెయ్యలేదు." తన ఎడమచెయ్యి చాపి చూపించింది. "ఎడమ ఉంగరపు వేలుకి మాత్రం ఇప్పుడు లేదు. గోరు అసలు రంగు చూడాలని దూదితో తుడిచారు. తుడిచేముందు డాక్టరుగారి పక్కనున్న అన్నయ్య గురువుగారికి చెప్పే తుడిచాడు."

ప్రైవాన్ తన ఎడమచేతి ఉంగరపు వేలు కుడిచేత్తో పట్టుకుంది. ఏడవలేదు. "ఎవరిచేతైనా వేయించుకున్నాడేమో, ఎవతైనా ఉందేమోనని కూడా అనుకున్నాను, చూడు నా బుద్ధి" అంది. "తనే వేసుకున్నాడా. నలుగురు మగాళ్ళున్న గదిలో కూర్చుని. కుడిచెయ్యి ఎలా కుదురుతుంది, మొద్దు మనిషి, మేక కొమ్ముకి రంగెయ్యమన్నా చెవికి పూసేవాడు." మళ్ళీ ఆ వేలు పట్టుకుంది. "ఆ ఒక్కటీ నేను వేస్తాను. వచ్చే దారిలో కొట్టు ఉందా అమ్మా, గోళ్ళరంగు అమ్మేది?" ఫాంగ్ ఉందంది, గేటు పక్కనే, నేను తెచ్చిస్తానంది, ఏ ఎరుపు పిన్నీ అని అడిగింది, ముదురా లేతా. ముదురు. ఇద్దరూ ఎరుపు గురించి మాట్లాడుకున్నారు.

నేను వాళ్ళకి కొంచెం దూరంగా వచ్చి కిటికీ దగ్గర నిలబడ్డాను. గుండెలో ఏమీ దొరకలేదట, డాక్టరు అదే చెప్పిందట, ముక్కలు మైక్రోస్కోపుకి పంపుతారట, ఫాంగ్ చెప్తోంది, ప్రైవాన్ తలూపుతోంది, అది ఆమెకి ముందే తెలుసు, ఆమెకి కావలసింది దొరికింది. పదిహేడేళ్ళ పిల్ల, ఎవరో తెలియని మనిషి చేతుల్ని చూసి, ఆ మనిషి పెళ్ళాం మాట విన్నాడని కనిపెట్టింది. ఇలాగే చూస్తారా? మా అమ్మని కూడా? ఎవరో ఒక పిల్ల, తలకి టోపీ, నోటికి గుడ్డ, మా అమ్మ కుడి మణికట్టు దగ్గర ఆగి, ఈ గీతలు నిప్పువి, వరసగా ఉన్నాయి, గురువుగారు ఏళ్ళ తరబడి వేడివి ఏవో ఇలా తిప్పేవారు అంటుందా, పక్కవాడు వంగి చూస్తాడా. తర్వాత పాథుంగ్ లేని చోట, పొట్ట కింద, నేను అడ్డం తిరిగి ఉంటే కోసి తీశారని మా అమ్మమ్మ చెప్పిన చోట ఒక కుట్టు ఉంటుంది. నేను బయటికొచ్చిన చోటు. నేను ఎన్నడూ చూడలేదు, చూడను కూడా, అమ్మ చూపించదు. ఆ పిల్ల చూస్తుంది. గురువుగారికి ఒక బిడ్డ, కష్టం మీద పుట్టింది అంటుంది. నా సంగతి అక్కడ ఎవరికో తెలుస్తుంది. నా ఒళ్ళు జల్లుమంది, అది సిగ్గో భయమో అనుకున్నాను, కాసేపు ఆగి చూశాను, రెండూ కాదు. అమ్మ నాకు ఎందుకు చూపించదో కూడా తెలిసినట్టనిపించింది. నేను చూస్తే ఏడుస్తాను. వాళ్ళు చూస్తే చదువుకుంటారు.

సంచిలో ఫోన్ వెతికాను. చేతికి దువ్వెన తగిలింది, రిబ్బను ముక్క, నాణేలు, చివరికి ఫోన్. అమ్మ వెంటనే ఎత్తదు, చేతులు తుడుచుకోవాలి, ఆ తర్వాత ఏ బటనో వెతుక్కోవాలి. ఎత్తింది.

"అన్నం తిన్నావా?"

"ఇంకా లేదు."

"ఇంతపొద్దెక్కాక కూడానా? పిల్ల తిందా? దాన్ని ఆ పీనుగుల ఆసుపత్రికి తీసుకెళ్ళావా లేదా?"

"తీసుకొచ్చాను. బాగానే ఉంది. అమ్మా, ఆ కళాశాల నంబరు చెప్పు."

"ఏ నంబరు?"

"నేను చెయ్యాల్సిన నంబరు."

అవతల వెదురు చిటపటలాడింది. ఎవరో రెండు బొంగులు కావాలని అడుగుతున్నారు, అమ్మ వాళ్ళకి ఏమీ చెప్పలేదు. పొగకి దగ్గింది, లేక అది పొగ కాదేమో.

"ఇప్పుడే చేసెయ్యకే తల్లీ" అంది, "ఇంకా రెండు వరసలు నిప్పుల మీద ఉన్నాయి, ఇవి అమ్ముడుపోనీ." అని నవ్వింది, నేనూ నవ్వాను, వరండాలో నర్సు తిరిగి చూసింది. అప్పుడు అమ్మ నంబరు చెప్పటం మొదలుపెట్టింది, కాగితం చూడకుండా, ఒక్కొక్క అంకే విడివిడిగా, పిల్లలకి ఎక్కం చెప్పినట్టు, నేను రాసుకున్నానో లేదోనని మధ్యమధ్యలో ఆగుతూ. రాసుకున్నాను. అయినా మళ్ళీ మొదట్నించి చెప్పమన్నాను.